మా పిల్లల నడకని ఎవరు కొలిచారు?

మిత్రులారా, ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఫోను పక్కన పెట్టక్కర్లేదు, లెక్క కూడా అందులోనే వేసుకోవచ్చు.

ఊరి నుంచి బడికి మూడున్నర కిలోమీటర్లు. పోను రాను ఏడు. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు. ఏడుని రెండు వందలతో హెచ్చిస్తే 1,400. అంటే ఒకటో తరగతి పిల్ల చదువు కోసం ఏడాదికి 1,400 కిలోమీటర్లు నడవాలి. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాదాపు 620 కిలోమీటర్లు. వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ బయల్దేరినంత దూరం. నడిచేది ఆరేళ్ల పిల్ల. భుజాన సంచి. మధ్యలో గెడ్డ.

ఇది కాయితం మీద ఊహించి వేసిన లెక్క కాదు. బడులు తెరిచిన నెలలో మా ఏజెన్సీలో ఒక మండల సర్వసభ్య సమావేశానికి పదకొండు మంది పిల్లల తల్లిదండ్రులు వెళ్లారు. వాళ్లతో పాటు నేనూ వెళ్లాను. ఊరి పేరు, మండలం పేరు ఇక్కడ రాయడం లేదు. రేషన్ కార్డు నుంచి పట్టా వరకు ఏ పనికైనా వాళ్లు రేపు మళ్లీ అదే ఆఫీసు గుమ్మం తొక్కాలి. ఆ భయం మీకు తెలియంది కాదు.

వాళ్ల గోడు ఇది. రెండేళ్లుగా ఆ పిల్లలకి బడి రవాణా భత్యం వచ్చేది. ఆలస్యంగా వచ్చినా వచ్చేది. ఆ డబ్బంతా కలిపి, తక్కువైంది చేతి నుంచి వేసుకుని ఒక జీపు మాట్లాడుకున్నారు. పొద్దున్నే పెద్దవాళ్లు పిల్లల్ని గెడ్డ దాటించేవాళ్లు. అవతల గట్టు నుంచి జీపు బడి దాకా తీసుకెళ్లేది. సాయంత్రం మళ్లీ అలాగే. పదకొండు మందిలో ఒక్కరూ బడి మానలేదు. ఈ ఏడాది జాబితా చూస్తే ఆ ఊరి పేరు లేదు. ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. తీసేసే ముందు ఎవరూ వచ్చి అడగలేదు. జీపు ఆగిపోయింది. మొదటి వారంలోనే ముగ్గురు ఆడపిల్లలు ఇంట్లో ఉండిపోయారు.

సమావేశంలో వాళ్లకి మూడు జవాబులు వచ్చాయి. ఒకటి: "రికార్డులో మీ దూరం కిలోమీటరు లోపే ఉంది, మీకు వర్తించదు." రెండు: "అంత కష్టమైతే హాస్టల్లో వెయ్యండి, తిండి కూడా పెడతారు." మూడు: "రోడ్డు లేని ఊరికి బండి ఎలా ఇస్తాం? వంతెన పడ్డాక చూద్దాం."

మూడూ చాలా మర్యాదగానే చెప్పారు. ఎవరూ కసురుకోలేదు. కుర్చీలు కూడా వేశారు. ఒక తల్లి మాత్రం లేచి అంది: "అయ్యా, మీ కాయితం మీద ఒక కిలోమీటరే అయితే, మా పిల్లల్ని ఆ కాయితం మీదే నడిపించండి." సభలో కొందరు నవ్వారు. తర్వాత అజెండాలో ఇంకో అంశానికి వెళ్లిపోయారు.

ఈ మూడు జవాబులు మీ మండలంలో కూడా విని ఉంటారు. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని మాట్లాడుకుందాం. ఎందుకంటే మూడింటికీ చట్టంలోనే సమాధానం ఉంది. మన దగ్గర లేనిది ఆ సమాధానాన్ని పట్టుకుని గట్టిగా నిలబడే అలవాటు.

మొదటి జవాబు: కిలోమీటరు లోపే

ఆ ఒక కిలోమీటరు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. దూరం కొలిచింది పంచాయతీ కేంద్రం నుంచి. పంచాయతీ కేంద్రం నుంచి బడి నిజంగానే దగ్గర. కానీ ఆ పంచాయతీ కింద అరడజను ఊర్లున్నాయి. కొండ మీద ఒకటి, గెడ్డ అవతల ఒకటి. రికార్డులో అన్నీ ఒకే ఊరు. మైదానంలో పంచాయతీ అంటే చాలాసార్లు ఒకే ఊరు కావచ్చు. ఏజెన్సీలో అలా కాదని ఇక్కడ ఒక్కరోజు తిరిగినా తెలుస్తుంది.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1996 పెసా చట్టం సెక్షన్ 4 ఊరు అంటే ఏమిటో చెప్తుంది. ఒక ఆవాసం గానీ, కొన్ని ఆవాసాలు గానీ, ఒక గూడెం గానీ, కొన్ని గూడేలు గానీ, తమ సంప్రదాయం ప్రకారం తమ వ్యవహారాలు తాము చూసుకునే సముదాయమే ఊరు. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ కేంద్రం నుంచి కొలిచి "మీ ఊరు దగ్గరే" అనడం ఆ చట్టం స్ఫూర్తికే విరుద్ధం.

విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు చూడండి. 1 నుంచి 5 తరగతుల పిల్లలకి నడిచే దూరంలో, ఒక కిలోమీటరు లోపు బడి ఉండాలి. 6 నుంచి 8 వరకు మూడు కిలోమీటర్ల లోపు. చాలామందికి ఇంతవరకే తెలుసు. ఆఫీసుల్లో కూడా ఇంతవరకే చదువుతారు. కింద ఇంకో మాట ఉంది. కొండలు, కొండచరియలు, వరదలు, రోడ్లు లేకపోవడం లాంటి ప్రమాదాలు ఇంటికీ బడికీ మధ్య ఉంటే, ఆ దూరం హద్దుల్ని ఇంకా తగ్గించి, పిల్లలకి ప్రమాదం లేకుండా బడి పెట్టాలి. ఆ తర్వాత మాట ఇంకా సూటిగా ఉంటుంది. బడి లేని చిన్న గూడేల పిల్లల కోసం ఉచిత రవాణా, వసతి లాంటి తగిన ఏర్పాట్లు ప్రభుత్వమే చెయ్యాలి.

అంటే గెడ్డ ఉన్నచోట అసలు కిలోమీటరు లెక్కే సరిపోదు. అర కిలోమీటరైనా ఆగస్టులో పొంగే గెడ్డ మధ్యలో ఉంటే అది చిన్న దూరం కాదు. ఆ పదకొండు మంది తల్లిదండ్రులు దయ చూపమని అడగలేదు. నియమం ఏం చెప్తోందో అదే అడిగారు.

చట్టం సెక్షన్ 3లో ఇంకొక వాక్యం ఉంది. ప్రాథమిక విద్య పూర్తి చెయ్యకుండా అడ్డుపడే ఎలాంటి ఫీజు గానీ, ఛార్జీ గానీ, ఖర్చు గానీ పిల్లల మీద పెట్టకూడదు. ఫీజు లేదు గదా, పుస్తకాలు ఇస్తున్నాం గదా అంటారు. జీపు ఖర్చు భరించలేక పిల్ల ఇంట్లో ఉండిపోతే, ఆ ఖర్చు అడ్డుపడినట్టా కాదా? మీరే చెప్పండి.

రెండో జవాబు: హాస్టల్లో వెయ్యండి

ఇది కొంచెం జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయం. మనలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివి వచ్చినవాళ్లమే. ఆ బడులు లేకపోతే ఈ వ్యాసం రాసేవాళ్లు ఉండరు, చదివేవాళ్లూ తక్కువే ఉంటారు. ఆ రుణం మరిచిపోకూడదు. పదో తరగతి, ఇంటర్ దగ్గర హాస్టల్ కావాలని మనమే అడుగుతాం.

కానీ ఆరేళ్ల పిల్ల సంగతి వేరు. ఆ వయసులో పిల్లలకి జ్వరం వస్తే ఒళ్లు పట్టి చూసేది అమ్మ. రాత్రి భయమేస్తే నానమ్మ పక్కలోకి వెళ్తారు. ఇంట్లో కువి మాట్లాడే పిల్ల, సవర మాట్లాడే పిల్ల, కోయ మాట్లాడే పిల్ల, ఒకటో తరగతిలో పరాయి భాష మధ్య రాత్రీ పగలూ ఉంటే ముందు నేర్చుకునేది నోరు మూసుకోవడమే. కొర్రలు ఎప్పుడు చల్లాలో, ఏ దుంప ఎలా ఉడికించాలో, పండగకి ఏ పాట పాడాలో తల్లిదండ్రుల పక్కన ఉండి నేర్చుకునే వయసు అది. ఆ చదువుకి పరీక్ష ఉండదు గానీ, అది పోతే మళ్లీ చెప్పేవాళ్లు దొరకరు.

తమ ఇష్టంతో హాస్టల్లో చేర్చడం వేరు, బండి ఆపేసి ఇంకో దారి లేకుండా చేసి చేర్పించడం వేరు. రెండోదాన్ని ఎంపిక అనకూడదు.

అసలు వరస తలకిందులైంది. చట్టం చూపే వరస ఏమిటి? ముందు పిల్లల దగ్గర బడి. బడి పెట్టలేని చోట బండి. బండి కూడా వీలు కానప్పుడు వసతి. ఆఫీసు వరస ఎలా ఉంది? ముందు బడిలో పిల్లలు తక్కువున్నారని మూసేయడం, తర్వాత దూరం లెక్కలో బండి తీసేయడం, ఆఖరికి హాస్టల్ చూపించడం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి కలిపినప్పుడు రాష్ట్రమంతా తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మైదానంలోనే చిన్నపిల్లలు అంత దూరం ఎలా వెళ్తారని అడిగారు. ఆ జీవో తర్వాత వెనక్కి పోయింది. కానీ పిల్లలు తక్కువున్నారన్న కారణం చూపి బడిని దూరం చేసే ఆలోచన పోలేదు. పది ఇళ్ల గూడెంలో పిల్లలు తక్కువే ఉంటారు. అది గూడెం చేసిన తప్పు కాదు.

బడే గూడేనికి నడిచొచ్చిన రోజులు మన చరిత్రలో ఉన్నాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూడటానికి హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆ తర్వాత మార్లవాయిలో గోండు యువకులకే శిక్షణ ఇచ్చి టీచర్లుగా తయారు చేశారు. గోండీలో వాచకాలు వేశారు. వాళ్లు తమ ఊర్లకి వెళ్లి బడులు నడిపారు. అప్పట్లో రోడ్లెక్కడివి, జీపులెక్కడివి? పిల్లల్ని బడి దగ్గరికి చేర్చలేమని తెలిసి బడిని పిల్లల దగ్గరికి చేర్చారు. ఎనభై ఏళ్ల కిందట వీలైంది ఇప్పుడు ఎందుకు వీలు కాదు?

ఇక్కడ జీవో 3 సంగతి కూడా గుర్తు చెయ్యాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన ఆ జీవోని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దాన్ని ఉద్యోగాల గొడవగానే చాలామంది చూశారు. అది బడి దూరం గొడవ కూడా. గూడెంలో ఉండే టీచరు వాన పడినా బడి తెరుస్తాడు. పట్నం నుంచి రోజూ వచ్చే టీచరుకి ఆ గెడ్డే అడ్డం, మన పిల్లలకీ అదే అడ్డం. ఇద్దరూ ఆగిపోతే బడి రికార్డులోనే నడుస్తుంది.

మూడో జవాబు: రోడ్డు పడ్డాక చూద్దాం

రోడ్డు ఎప్పుడు పడుతుంది? ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు మైదానంలో 500 జనాభా ఉన్న ఊరికి, కొండ ప్రాంతాలు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 ఉన్న ఊరికి రోడ్డు అన్నారు. 2023 నవంబరులో మొదలుపెట్టిన పీఎం జన్‌మన్‌లో కొండరెడ్లు, చెంచులు, కోలాములు, తోటీలు, గదబ, పోర్జ లాంటి మరీ వెనకబడిన తెగల ఆవాసాలకి ఆ హద్దుని 100కి తగ్గించారు. మంచిదే. కానీ 60 మంది ఉన్న గూడెం ఈ లెక్కల్లో దేనికీ అందదు. ఆ 60 మందిలో కూడా ఒకటో తరగతి పిల్లలుంటారు. రోడ్డుకి జనాభా హద్దు ఉండొచ్చు. చదువు హక్కుకి అలాంటి హద్దు లేదు. రాజ్యాంగం 21ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ అంది, 100 మంది ఉన్న ఊర్ల పిల్లలకి మాత్రమే అనలేదు.

"మేం వేద్దామనే ఉన్నాం, ఫారెస్టువాళ్లు ఒప్పుకోవడం లేదు" అంటారు. ఈ మాట విన్నప్పుడు మీరు అడగాల్సింది ఒకటే ప్రశ్న: అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద దరఖాస్తు పెట్టారా? 2006 నాటి ఆ చట్టం ప్రకారం బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి ఊరి అవసరాలకి ఒక్కో పనికి ఒక హెక్టారుకి మించని అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లకి మించి పోకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. గ్రామసభ తీర్మానం లేకుండా ఆ ఫైలు కదలదు. అంటే ఫైలుకి మొదటి సంతకం మన చేతిలోనే ఉంది. చాలా ఊర్లలో ఆ తీర్మానం చెయ్యమని ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

రోడ్డు వచ్చేదాకా పిల్లలు పెరగకుండా ఆగరు గదా. వంతెనకి అయిదేళ్లు పడితే ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ప్రాథమిక బడే దాటిపోతుంది. ఈలోగా గెడ్డ దాటించే మనిషికి కూలి ఇవ్వొచ్చు. సమగ్ర శిక్షలో రవాణాతో పాటు పిల్లల్ని వెంట తీసుకెళ్లే మనిషికి కూడా వీలుంది. ఆ మాట పథకంలోనే ఉంది. అడిగినవాళ్లు తక్కువ.

డబ్బు సంగతి

సమగ్ర శిక్షలో మారుమూల ఆవాసాల పిల్లలకి రవాణా కోసం ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు ఇవ్వొచ్చు. పది నెలల బడికి పంచితే నెలకి 600. నెలలో 24 రోజులు బడి అనుకుంటే రోజుకి 25 రూపాయలు, పోను రాను కలిపి. ఒక్క పిల్ల చేతిలో ఆ 25 రూపాయలతో ఏమీ కాదు. ఏ జీపువాడూ ఎక్కించుకోడు. పదకొండు మందివి కలిపితే రోజుకి 275. అప్పుడు జీపువాడితో బేరం ఆడొచ్చు. ఆ తల్లిదండ్రులు ఎవరూ చెప్పకుండానే చేసిన పని అదే. ప్రభుత్వం ఇచ్చిన చిల్లర డబ్బుని ఊరంతా కలిసి ఒక బండిగా మార్చుకున్నారు. జాబితాలో పేరు తీసేసినప్పుడు పోయింది పిల్లకి 600 మాత్రమే కాదు, ఊరు కట్టుకున్న ఆ ఏర్పాటు మొత్తం.

"ఆడవాళ్లకి బస్సు ఉచితం గదా" అని ఒక పెద్దమనిషి అన్నాడు. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. మనవాళ్లు కూడా సంతకి, ఆస్పత్రికి వెళ్తున్నారు, మంచి పథకం. కానీ బస్సు రాని ఊర్లో జీరో టికెట్టు ఎక్కడ తీసుకోవాలి? ఒక్కసారి ఆలోచించండి. బస్సున్న ఊరి పిల్లకి ప్రయాణం ఉచితం. బస్సు లేని ఊరి పిల్ల జీపుకి డబ్బు కట్టాలి, లేదా నడవాలి. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతోంది.

నిర్ణయం ఎవరిది?

తల్లిదండ్రులకి కోపం వచ్చింది జాబితాలో పేరు తీసేసినందుకు ఒక్కటే కాదు. తమని అడగకుండా తీసేసినందుకు. ఎవరిని అడగాలన్నా ఒక్క గుమ్మం లేదు. మండల పరిషత్ బడి అయితే ఎంఈవో అంటారు. గిరిజన సంక్షేమ బడి అయితే ఏటీడబ్ల్యూవో అంటారు. ఆయన ఐటీడీఏ పీవో గారిని కలవమంటారు. పీవో గారి ఆఫీసులో జాబితా మండలం నుంచే వచ్చిందంటారు. ఈ చుట్టూ తిరగడానికి మూడు రోజుల కూలి, మూడు సార్లు ఛార్జీలు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇలా జరగకూడదనే పెసా వచ్చింది. ఊరి అభివృద్ధి కోసం పెట్టే ప్రణాళికలు, కార్యక్రమాలు అమలుకి ముందు గ్రామసభ ఆమోదం పొందాలి. సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు కూడా గ్రామసభకి, తగిన స్థాయి పంచాయతీలకి ఇవ్వాలని ఆ చట్టం చెప్తుంది. బడి సామాజిక రంగం కాక మరేమిటి? 2011లో ఆంధ్రప్రదేశ్ పెసా నియమాలు వచ్చాయి. పెసా కమిటీకి ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఉంటారు. మీ ఊరి కార్యదర్శి ఎవరో మీకు తెలుసా? ఆఖరి గ్రామసభ ఎప్పుడు జరిగిందో తెలుసా? ఈ ప్రశ్న అధికారులకి కాదు, మనకి.

బడి యాజమాన్య కమిటీ కూడా ఉంది. సభ్యుల్లో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాల్సింది ఆ కమిటీయే. సర్కారు ఇచ్చే నిధులకి ఆ ప్రణాళికే ఆధారం కావాలి. చాలాచోట్ల ఆ కమిటీ పని హెడ్మాస్టరు చూపించిన చోట వేలిముద్ర వెయ్యడం దగ్గరే ఆగిపోతోంది.

మనం ఏం చెయ్యాలి?

మన తప్పు కూడా ఒప్పుకుందాం. మనం గొడవ నోటితో చేస్తాం. నోటి మాట ఆ రోజుతో పోతుంది. లేకపోతే పిల్లలు గెడ్డ దాటుతున్న వీడియో తీసి పెడతాం. రెండు రోజులు తిరుగుతుంది, ఎవరో ఒక అధికారి వచ్చి ఫోటో దిగుతారు, మూడో రోజు మళ్లీ పిల్లలు అదే గెడ్డలో. వీడియో వద్దని అనను. దానితో పాటు ఒక కాయితం ఉండాలి, ఆ కాయితం మీద ఆఫీసు ముద్ర ఉండాలి.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 చదవండి. పిల్లల హక్కు గురించి ఫిర్యాదు ఉన్న ఎవరైనా స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్ల మాట విని, మూడు నెలల్లోపు తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి అప్పీలు చెయ్యొచ్చు. ఆ సమావేశంలో తల్లిదండ్రులకి దక్కింది కుర్చీ మాత్రమే. చట్టం ప్రకారం వాళ్లకి దక్కాల్సింది కారణాలు రాసిన జవాబు.

కాబట్టి ఇలా చేద్దాం. మొదట, మీ ఊరి నుంచి బడి దాకా ఫోను పట్టుకుని పిల్లల దారిలోనే నడవండి. దూరం ఎంతొస్తుందో, ఎన్ని గెడ్డలున్నాయో, ఏ నెలల్లో దారి మూసుకుపోతుందో రాసుకోండి. రోడ్డు మ్యాపులో కాదు, కాలిబాటలో. రెండోది, బడికి వెళ్లే వయసు పిల్లలందరి పేర్లు, తరగతులు, వెళ్తున్నారా మానేశారా అన్నది ఒక కాయితం మీద పెట్టండి. మూడోది, గ్రామసభ పెట్టి ఆ కాయితాన్ని చదివి తీర్మానం చెయ్యండి. మాకు బడి కావాలా, బండి కావాలా, గెడ్డ దాటించే మనిషి కావాలా అన్నది ఊరే తేల్చాలి. తల్లులు మాట్లాడాలి, ఎందుకంటే పొద్దున్నే పిల్లని తయారు చేసేది వాళ్లే. నాలుగోది, ఆ తీర్మానం జత చేసి సెక్షన్ 32 కింద ఫిర్యాదు ఇవ్వండి, రశీదు తీసుకోండి. సోమవారం గ్రీవెన్సులో కూడా ఒక కాపీ ఇవ్వండి. తేదీ రాసుకుని మూడు నెలలు లెక్కపెట్టండి. అయిదోది, రవాణా భత్యం జాబితాలో మీ ఆవాసం ఉందో లేదో, దూరం ఎంత రాశారో సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయిలో దరఖాస్తుకి ఫీజు అయిదు రూపాయలే, ఊరి స్థాయిలో అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకొక మాట. రాబోయే ఏడాది ప్రణాళికలు ముందు చలికాలంలోనే తయారవుతాయి. జూన్‌లో బడి తెరిచాక వెళ్లి అడిగితే, "ఈ ఏడాది బడ్జెట్ అయిపోయింది" అనే మాట సిద్ధంగా ఉంటుంది. సంక్రాంతికి ఊరికొచ్చిన యువకులంతా అప్పుడే ఈ పని మొదలుపెట్టాలి. ఊరంతా ఒకచోట ఉండేది అప్పుడే.

అధికారులందరూ చెడ్డవాళ్లని చెప్పడం లేదు. తమ బండి మీద పిల్లల్ని గెడ్డ దాటించే టీచర్లు ఉన్నారు, వాళ్లకి దండం. కానీ ఒక మంచి టీచరు బదిలీ అయిపోతే ఆగిపోయేదాన్ని హక్కు అనరు. మనకి కావాల్సింది ఎవరు ఆ కుర్చీలో కూర్చున్నా జూన్ 12న పొద్దున్న బండి వచ్చే ఏర్పాటు.

ఆ పదకొండు మంది తల్లిదండ్రులు తర్వాతి ఆదివారం దారి కొలిచారు. ఇద్దరు ఇంటర్ పిల్లలు ఫోను పట్టుకుని ముందు నడిచారు. మూడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు వచ్చింది. గ్రామసభ తీర్మానం రాశారు, ఫిర్యాదు ఇచ్చారు, ముద్ర వేయించుకున్నారు. ఇంకా మూడు నెలలు కాలేదు. జీపు ఇంకా రాలేదు. వాళ్లలో ముగ్గురు నాన్నలు వంతులు వేసుకుని పొద్దున్నే పిల్లల్ని బడి దాకా దింపి, ఆ తర్వాతే పనికి వెళ్తున్నారు. ఇంట్లో ఉండిపోయిన ముగ్గురు ఆడపిల్లల్లో ఇద్దరు మళ్లీ బడికి వెళ్తున్నారు.

మూడో పిల్ల ఇంకా వెళ్లడం లేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గరే ఉంటోంది. మీ ఊర్లో అలాంటి పిల్ల ఎవరో మీకు తెలుసు. ఈ ఆదివారం ఆ పిల్ల ఇంటి గుమ్మం నుంచే దూరం కొలవడం మొదలుపెట్టండి.

జోహార్.